సార్థక జీవి పండిత రమాబాయి

పుట్టినవారికి గిట్టుట తప్పదు. పోయినవారి వెంట సిరిసంపదలు వెళ్ళవు. వెనుక మిగిలేది వారు చేసిన పని, ఆ పనిని అందుకొని ముందుకు సాగించే మనుషులు. ఈ సత్యాన్ని తమ జీవితంతో నిరూపించిన భారతీయ స్త్రీమూర్తులలో పండిత రమాబాయి అగ్రగణ్యురాలు. సంస్కృత పండితుని ఇంట జన్మించి, యౌవనంలో క్రీస్తు మార్గాన్ని స్వీకరించి, అనాథలైన స్త్రీలకు విద్యనూ వృత్తినీ ఆత్మగౌరవాన్నీ ప్రసాదించడమే తన జీవిత లక్ష్యంగా ఎంచుకొన్న ధన్యురాలామె.

ఫాక్‌లాండ్ రోడ్డు, కామాటిపురా చాళ్ళలో నివసించే తెలుగువారికి ఈమె దూరపు మనిషి కాదు. ఆమె తన తొలి విద్యాలయాన్ని 1889లో స్థాపించినది ఈ ముంబై నగరంలోనే, ఇక్కడి నుండి కాలినడకన చేరదగిన చౌపాటీలో. ముంబై నుండి సోలాపూరు మీదుగా హైదరాబాదు వైపు వెళ్ళే రైలు, పుణె దాటిన తరువాత దౌండు జంక్షనుకు ముందు కేడ్‌గావ్ అనే చిన్న స్టేషనును దాటిపోతుంది. పండుగలకూ పెళ్ళిళ్ళకూ స్వగ్రామాలకు ప్రయాణమయ్యే తెలుగు కుటుంబాలెన్నో ఆ దారినే వెళ్తుంటాయి. రమాబాయి తన జీవితపు చివరి దశాబ్దాలను ధారపోసిన ఊరు అదే.

అడవిలో అక్షరాభ్యాసం

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగామూల అటవీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహా విద్వాంసుడు. ఆయన విద్యార్థిగా ఉన్న రోజులలో పీష్వా అంతఃపురంలో ఒక రాణి సంస్కృతం నేర్చుకొనడం చూశారు. స్త్రీకి విద్య ఎందుకు కూడదన్న ప్రశ్న ఆనాడే ఆయన మనస్సులో పాదుకొన్నది. తరువాత తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం బోధించగా బంధువర్గం కోపించింది, పండితులు ఆక్షేపించారు. ఆయన ఉడుపిలో విద్వాంసుల ఎదుట శాస్త్ర ప్రమాణాలు చూపి తన పక్షాన్ని సమర్థించుకొన్నారు. ఊరివారి మాటలకు దూరంగా అడవిలో ఆశ్రమం కట్టుకొని, భార్యకు చదువు చెప్పారు.

ఆ తల్లి ఇంటిపనులన్నీ చక్కబెట్టుకొంటూనే చిన్నారి రమకు చదువు నేర్పింది. పుస్తకం ముందు పెట్టుకొని అక్షరాలు దిద్దించే తీరిక ఆమెకు లేదు. తెల్లవారుజామున లేపి, శ్లోకాలు చెప్పి వల్లె వేయించేది. తండ్రికి కలిగిన ఒక ఆలోచన తల్లి చేతులమీదుగా కుమార్తెకు చేరింది. రమాబాయి తరువాత నడిపిన సంస్థలన్నింటికీ బీజం ఇదే. ఒక స్త్రీ చదువుకొంటే ఆ చదువు ఆమెతో ఆగిపోదని ఆమె పసితనంలోనే కన్నతల్లియందు చూశారు.

కరవు మిగిల్చిన ఇద్దరు

దానధర్మాలలో ఆస్తి కరిగిపోయిన తరువాత ఆ కుటుంబం తీర్థయాత్రలు చేస్తూ, దేవాలయాల ముంగిట పురాణ కాలక్షేపం చేస్తూ కాలం గడిపింది. 1870వ దశకంలో దక్షిణదేశాన్ని భయంకరమైన కరవు పీడించింది. వినేవారే ఆకలితో అల్లాడుతున్న వేళ పురాణం చెప్పేవారికి పిడికెడు బియ్యం పెట్టేవారెవరు? వారి సంచారం తెలుగు నేల మీదికీ సాగింది. తిరుపతి కొండల చెంతనున్న అడవిలో ఆకులు తిని, నీళ్ళు త్రాగి దినాలు వెళ్ళబుచ్చారు. కొద్ది నెలల వ్యవధిలో తండ్రి, తల్లి, అక్క కన్నుమూశారు. రమాబాయి, అన్న శ్రీనివాసశాస్త్రి మాత్రమే మిగిలారు.

చేతిలో చిల్లిగవ్వ లేని ఆ ఇద్దరూ వేల మైళ్ళు కాలినడకన ఉత్తరాపథమంతా తిరిగారు. ఆకలి అంటే ఏమిటో, దిక్కులేని స్త్రీని లోకం ఏ దృష్టితో చూస్తుందో ఆ దారులలోనే రమాబాయి తెలుసుకొన్నారు. తరువాతి కాలంలో కరవుసీమలలో దారి ప్రక్కన పడి ఉన్న బాలికలను ఆమె చేరదీసినప్పుడు, వారిలో తన గతాన్నే చూచుకొని ఉంటారు.

1878లో వారు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ యువతి భాగవత శ్లోకాలను ధారాళంగా వల్లించడమూ, సంస్కృతంలో ఆశువుగా ప్రసంగించడమూ విని అక్కడి విద్వత్సభ అచ్చెరువొందింది. ఆమెకు పండిత, సరస్వతి అనే బిరుదులు ప్రసాదించింది. ఆ గౌరవం తలకెక్కించుకొనే అవకాశాన్ని కాలం ఆమెకు ఇవ్వలేదు. 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే వంగదేశపు న్యాయవాదిని కులాంతర వివాహం చేసుకొన్నారు. 1881లో కుమార్తె మనోరమ జన్మించింది. 1882 ఫిబ్రవరిలో కలరా సోకి భర్త మరణించాడు. ఇరవై మూడేళ్ళ వయస్సుకే రమాబాయి చంటిబిడ్డతో వితంతువుగా మిగిలారు.

ఆ రోజులలో వితంతువు అనే మాటకు ఎంత భారముండేదో నేటి తరానికి ఊహించడం కష్టం. తలపై వెంట్రుకలు తీయించుకొని, ఒంటిపూట తిండితో, పుట్టింటిలోనో అత్తింటిలోనో జీతంలేని పనిమనిషిగా బ్రతుకు వెళ్ళదీయవలసినదే. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహాన్ని రాజమహేంద్రవరంలో జరిపించినది 1881 డిసెంబరులో. సరిగ్గా ఆ కాలంలోనే పశ్చిమదేశాన రమాబాయి మరొక మార్గాన్ని అన్వేషించారు. పునర్వివాహం కోరని వితంతువు కూడా తన చదువుతో, తన చేతిపనితో తలెత్తుకొని బ్రతకగలగాలన్నది ఆమె సంకల్పం.

క్రీస్తు మార్గంలో

1882లో పుణె చేరిన రమాబాయి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. స్త్రీధర్మనీతి అనే గ్రంథాన్ని మరాఠీలో రచించారు. ఆ యేడు విద్యావిషయాలు విచారించడానికి వచ్చిన హంటర్ కమిషను ఎదుట హాజరై, బాలికలకు బోధించడానికి స్త్రీ ఉపాధ్యాయులు కావాలనీ, రోగిష్టి స్త్రీలకు స్త్రీ వైద్యులు కావాలనీ సాక్ష్యమిచ్చారు.

వైద్యవిద్య అభ్యసించాలన్న ఆశతో 1883లో ఆమె ఇంగ్లండు వెళ్ళారు. వినికిడి లోపం వల్ల ఆ కోరిక నెరవేరలేదు. అయితే అక్కడ ఆమె చూసిన ఒక దృశ్యం జీవితాన్నే మలుపు తిప్పింది. లండనులోని ఫుల్హాం ప్రాంతంలో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఒక శరణాలయాన్ని ఆమె దర్శించారు. లోకం పతితలని వెలివేసిన స్త్రీలు అక్కడ గౌరవంగా జీవిస్తున్నారు. ఒకనాడు ఆ స్థితిలో ఉండి కోలుకొన్నవారే ఇప్పుడు రోగులకు సేవలు చేస్తున్నారు. ఇటువంటి స్త్రీలపై ఇంత దయ ఎందుకని ఆమె ప్రశ్నించారు. అందుకు సమాధానంగా ఒక సన్యాసిని, యేసు ప్రభువు బావి వద్ద సమరయ స్త్రీతో సంభాషించిన వృత్తాంతాన్ని చదివి వినిపించింది. స్త్రీని ఆమె గతాన్ని బట్టి త్రోసిపుచ్చని ఆ కరుణ రమాబాయి హృదయాన్ని తాకింది. 1883 సెప్టెంబరు 29న వాంటేజి పట్టణంలో ఆమె కుమార్తెతో కూడ బాప్తిస్మం పొందారు.

మతం మారినంత మాత్రాన ఆమె తన బుద్ధిని ఎవరికీ తాకట్టు పెట్టలేదు. చర్చి పెద్దలు చెప్పిన ప్రతి సిద్ధాంతాన్నీ ప్రశ్నించి, తనకు సమ్మతమైనదే స్వీకరించారు. చీర విడువలేదు, శాకాహారం మానలేదు. చెల్టెన్‌హాం మహిళా కళాశాలలో సంస్కృతం బోధిస్తూ తానూ విద్యార్థినిగా చదువుకొన్నారు. 1886లో ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా పుచ్చుకొనే ఉత్సవాన్ని చూడడానికి అమెరికా వెళ్ళి, అక్కడ కిండర్‌గార్టెన్ బోధనా విధానాన్ని అధ్యయనం చేశారు. హిందూ వితంతువుల దుస్థితిని వివరిస్తూ ఆంగ్లంలో ఆమె రచించిన గ్రంథం 1887లో వెలువడింది. ఆ సంవత్సరమే బోస్టనులో రమాబాయి అసోసియేషను ఏర్పడి, ఆమె పాఠశాలకు పదేళ్ళ పాటు ధనసహాయం చేయడానికి పూనుకొన్నది.

ముంబైలో శారదా సదనం

1889 మార్చి 11న చౌపాటీలో శారదా సదనం ప్రారంభమైంది. మొదటి రోజున ఉన్న విద్యార్థినులు ఇద్దరే. వారిలో ఒకరు గోదూబాయి అనే బాలవితంతువు. వితంతువులకు వసతి, భోజనం, విద్య ఒకే చోట లభించే ఇటువంటి విద్యాలయం ఈ ప్రాంతానికి కొత్త. సదనంలో ఏ బాలికా తన కులాచారాన్ని విడువనక్కరలేదు. మతబోధ పాఠాలలో భాగం కాదు. ఈ నియమం మీదనే రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘంలో చేరారు. 1890లో సదనం పుణెకు తరలింది.

అక్కడే ఆమెకు కఠినమైన పరీక్ష ఎదురయింది. రమాబాయి తన గదిలో కుమార్తెతో కలిసి ప్రార్థన చేసుకొనేవారు. తలుపు మూసేవారు కారు. కొందరు బాలికలు వచ్చి కూర్చొనేవారు. ఇది పాఠశాల పేరిట జరుగుతున్న మత ప్రచారమని పత్రికలు విమర్శించాయి. ఆమె తన గది తలుపు మూయడానికి ఒప్పుకొనలేదు. 1893లో కొందరు విద్యార్థినులు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారన్న వార్త పొక్కడంతో సలహా సంఘం రాజీనామా చేసింది. దాదాపు ఇరవై అయిదుగురు బాలికలను సంరక్షకులు తీసుకొనిపోయారు.

ఆ విమర్శకులందరూ స్త్రీవిద్యకు శత్రువులని అనుకొనడం న్యాయం కాదు. దిక్కులేని వితంతువులు తలదాచుకొనే చోటు మతాంతరీకరణకు ద్వారం కారాదన్న శంక వారిలో చాలామందికి నిజంగానే ఉండినది. తన విశ్వాసాన్ని దొంగచాటుగా దాచుకొని బ్రతకడం అసత్యమని రమాబాయి భావించారు. ఈ రెండింటి నడుమ ఆమె ఏకాకి అయ్యారు. నిన్నటివరకు సరస్వతి అని కొనియాడిన సమాజమే ముఖం చాటేసింది. ఆమె మాత్రం సదనాన్ని మూసివేయలేదు. మిగిలిన బాలికలకు యథాప్రకారం పాఠాలు జరిగాయి. మెచ్చుకోలు ఉన్నంతకాలమే నిలిచేది సేవ కాదని ఆమె మౌనంగా చాటారు.

కేడ్‌గావ్‌లో ముక్తి

1896–97లో మధ్య పరగణాలలో కరవు వచ్చింది. రమాబాయి స్వయంగా ఆ ప్రాంతాలకు వెళ్ళి, ఆకలితో చనిపోతున్న బాలికలనూ, దళారుల చేతుల్లో చిక్కబోతున్నవారినీ వందల సంఖ్యలో వెంట తెచ్చారు. అదే సమయంలో పుణెలో ప్లేగు వ్యాపించగా, ఇంతమందిని నగరంలో ఉంచరాదని అధికారులు అడ్డు చెప్పారు. కేడ్‌గావ్ వద్ద తాను కొని ఉంచిన పొలంలోనే గుడారాలు వేయించి వారిని నిలిపారు. ముక్తి సదనం ఆ విధంగా మొదలైంది. ప్లేగు ఆస్పత్రులలో స్త్రీల పట్ల జరుగుతున్న అక్రమాలను గురించి ఆమె 1897లో పత్రికకు నిర్భయంగా లేఖ రాశారు. ఏలికలు క్రైస్తవులే కదా అని ఆమె మిన్నకుండలేదు. అన్యాయం ఎవరు చేసినా అన్యాయమేనన్నది ఆమె క్రైస్తవ ధర్మం.

1899–1900లో గుజరాతు ప్రాంతాన్ని కరవు తాకినప్పుడు మరి కొన్ని వందలమంది వచ్చి చేరారు. ముక్తిలో దాదాపు రెండువేలమంది ఆశ్రయం పొందిన రోజులున్నాయి. వారెవ్వరూ ఊరికే కూర్చొని తినలేదు. చదువుతో పాటు నేత, కుట్టుపని, వ్యవసాయం, పాడి, గానుగ, ముద్రణ మొదలైన పనులు నేర్చుకొన్నారు. కులభేదం లేకుండా అందరూ ఒకే పంక్తిలో భోజనం చేశారు. అంధ బాలికలకు మనోరమ బ్రెయిలీ లిపి నేర్పింది. లోకం వెలివేసిన స్త్రీలకు కృపా సదనం అనే ప్రత్యేక గృహం ఏర్పడింది. ఫుల్హాంలో పడిన విత్తనం కేడ్‌గావ్‌లో మొలకెత్తిందని చెప్పవచ్చును.

హైదరాబాదు సంస్థానంలో విద్యకు నోచుకొనని ప్రాంతంగా ఉండిన గుల్బర్గాలో కూడ 1912లో ఈ తల్లీకూతుళ్ళు పాఠశాల స్థాపించారు.

రమాబాయి తన చివరి రెండు దశాబ్దాలను మరొక మహాకార్యానికి అంకితం చేశారు. పల్లెటూరి స్త్రీకి కూడ తేలికగా అర్థమయ్యే మరాఠీలో బైబిలు ఉండాలని ఆమె కోరిక. ఇంగ్లీషు నుండి అనువదించితే మూలానికి దూరమవుతామని తలచి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొన్నారు. అనువాదం ఆమెది. అక్షరాలు కూర్చి అచ్చువేసినది ముక్తి సదనపు స్త్రీలే. ఒకనాడు అక్షరం ముఖమెరుగని ఆ కరవు పిల్లలు ఒక బృహద్గ్రంథాన్ని తమ చేతులతో ముద్రించారు.

1919లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకమిచ్చి గౌరవించింది. 1921 జూలైలో తన పనికి వారసురాలు కాగలదని నమ్ముకొన్న మనోరమ మరణించింది. ఆ శోకంలో సైతం బైబిలు పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కేడ్‌గావ్‌లో తుదిశ్వాస విడిచారు. ఆమె అనువదించిన బైబిలు సంపూర్ణ రూపంలో 1924లో వెలువడింది.

ఆమె విడిచి వెళ్ళిన ఆస్తి

రక్తసంబంధం ప్రకారం చూస్తే రమాబాయికి వారసులు లేరు. తల్లిదండ్రులు, అన్న, భర్త, బిడ్డ అందరూ ఆమె కళ్ళ ముందే వెళ్ళిపోయారు. కానీ శారదా సదనంలో మొదట చేరిన ఆ గోదూబాయి కథ చూడండి. ఆమె 1893లో ధోండో కేశవ కర్వేను వివాహమాడి ఆనందీబాయి కర్వే అయింది. వితంతువుల ఆశ్రమం కొరకు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసింది. ఆ కర్వే మహర్షి 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే తరువాత ముంబైకి తరలివచ్చి, ఎస్.ఎన్.డి.టి. పేరుతో నేటికీ వేలాది బాలికలకు విద్య నందిస్తున్నది. గంగామూల అడవిలో ఒక తండ్రి తన భార్యకు నేర్పిన చదువు చౌపాటీ మీదుగా ఎంత దూరం ప్రయాణించిందో గమనించదగినది. 1989లో భారత ప్రభుత్వం రమాబాయి స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. కేడ్‌గావ్‌లోని ముక్తి మిషను నేటికీ సేవ సాగిస్తున్నది.

ఈ జీవితం క్రైస్తవులకు మాత్రమే పాఠం కాదు. విశ్వాసం ఉన్నదని చెప్పుకొనడం తేలిక, దానిని అన్నంగా, అక్షరంగా, చేతిపనిగా మార్చి ఎదుటివారికి అందించడం కష్టం. రమాబాయి ఆ కష్టమైన దారినే నడిచారు. ఆమె చేరదీసిన వారిలో అధికులు ఆమెకు ఏమీ కానివారు. తిరిగి ఏమీ ఇవ్వలేనివారు.

కామాటిపురా అన్న పేరే, కూలిపనికి ఈ నగరానికి తరలివచ్చిన తెలుగు కామాటీల వల్ల ఏర్పడింది. కట్టడాలకు రాళ్ళెత్తిన ఆ చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనిపించవు. వారి మునిమనుమరాళ్ళు బడికి వచ్చి కూర్చొనడమే వారికి నిజమైన స్మారకం. అయినా బీడీల చాట ముందు తల్లికి తోడు కూర్చొనడానికో, తమ్ముణ్ణి ఎత్తుకొనడానికో, పెళ్ళి కుదిరిందనో ఏడవ తరగతితో చదువు చాలించే ఆడపిల్లలు ఈ గల్లీలలో ఇంకా ఉన్నారు. ఇదే పేటలో పుట్టిన పాపానికి బడిలో ప్రక్క బెంచీ వారి చూపులను భరించవలసి వచ్చే పిల్లలూ ఉన్నారు. సమరయ స్త్రీ కథ విన్ననాడు రమాబాయి అడిగిన ప్రశ్న వీరి విషయంలో అందరికీ వర్తిస్తుంది.

డెబ్బది అయిదేళ్ళు నిండిన విద్యాలయం తన ఆస్తిని లెక్కించుకొనే వేళ గదులూ బల్లలూ మాత్రమే లెక్కకు రారాదు. ఇక్కడ ఓనమాలు దిద్దిన ఒక అమ్మాయి మరొక అమ్మాయికి వాటిని నేర్పినదా అన్నదే అసలు లెక్క. కుమార్తెను ఇంకొక్క సంవత్సరం బడికి పంపే తల్లిదండ్రులు, తరగతిలో వెనుక వరుసన కూర్చొన్న బాలికను పేరు పెట్టి పిలిచే ఉపాధ్యాయులు, ఒక పేద విద్యార్థిని ఫీజు కట్టే పూర్వ విద్యార్థులు రమాబాయి పనినే కొనసాగిస్తున్నవారవుతారు. శారదా సదనం ఇద్దరు బాలికలతో మొదలైంది. ఒక్క బాలికతోనైనా ఎవరైనా మొదలుపెట్టవచ్చును.